అన్నయ్య చెయ్యి ఆగిన రోజు

ఆ వేసవిలో యువరాణి పెళ్లికి ఇరవయ్యొక్క రోజులు సంగీతం పెట్టారు. రోజుకు మూడు చొప్పున అరవై మూడు కచేరీలకు మా అన్నయ్య జడ్జిగా కూర్చున్నాడు. వాటిలో ఆయన మెలకువగా విన్నవి ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ హాయిగా నిద్రపోయాడు. ఈ సంగతి అంత పెద్ద రాజభవనంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అన్నయ్య నిద్రలో గురక పెట్టడు, తల వాల్చడు. వీపు నిటారుగా పెట్టి, కళ్లు సగం మూసి, కుడిచేత్తో తొడ మీద తాళం వేస్తూ నిద్రపోతాడు. యాభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన చెయ్యి అది, మనిషి లేకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. చూసేవాళ్లకు పెద్దాయన పాటలో మునిగిపోయాడనిపిస్తుంది. నిజంగా పాట లోపలికి దిగితే మాత్రం ఆ చెయ్యి ఆగిపోతుంది. వేళ్లు ఎక్కడున్నవి అక్కడే ఉండిపోతాయి, కళ్లు పూర్తిగా మూసుకుంటాయి. చెయ్యి ఊగుతుంటే నిద్ర, ఆగితే వింటున్నాడని అర్థం. ఏళ్ల తరబడి ఎదురుగా కూర్చుని శ్రుతి వేసినదాన్ని గనక నాకు తెలుసు. వదినకు కూడా తెలియదు. ఆవిడ దృష్టిలో సంగీతమంటే ఇల్లు ఊడ్చే వేళకు ముందుగది ఖాళీ చెయ్యని గోల.

భవనం నుంచి ఉత్తరం వచ్చిన రోజు వదిన అగ్గి మీద గుగ్గిలమైంది.

"డెబ్బై నాలుగేళ్లొచ్చాయి, ఈ మండుటెండల్లో పెళ్లివారింటి చాకిరీ అవసరమా మీకు? అంతగా ఎవరికో ఒకరికి తప్పులు పట్టాలనుంటే ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని నాకు పట్టండి, కాదన్నానా?"

అన్నయ్య ఉత్తరం ఇంకోసారి చదువుకున్నాడు. తప్పు కనిపిస్తే తప్ప నోరు విప్పే మనిషి కాదాయన. ఆ ఉత్తరంలో ఆయనకు తప్పేమీ కనిపించినట్టు లేదు.

మార్కులు వేసేవాళ్లు ముగ్గురు. సంగీత కళాశాల ప్రిన్సిపాలమ్మ, ఊళ్లో కచేరీలు పెట్టించే సభ కార్యదర్శి, మా అన్నయ్య. గెలిచినవాళ్లు పెళ్లి జరిగే వేళకు కచేరీ చేస్తారు, ఆ పైన ఆస్థాన విద్వాంసులై భవనం ఆవరణలోనే కాపురం పెడతారు. కచేరీ ఎవరిదైనా శ్రుతి మాత్రం ఒకరే వెయ్యాలన్నారు. లేకపోతే ఓడినవాళ్లు నెపం శ్రుతి మీదికి తోస్తారట. ఆ పని నాకు అంటగట్టారు. అలా ఆ మూడు వారాలూ అన్నయ్య మొదటి వరుసలోనూ, నేను వేదిక మీద పాడేవాళ్ల వెనక తంబురతోనూ, ఎదురెదురుగా కూర్చున్నాం.

కచేరీలు ఇంకో నాలుగు రోజుల్లో మొదలవుతాయనగా, బాల్కనీలో ఆరిన బట్టలు మడతపెడుతుంటే అన్నయ్య కూతురు వచ్చి పక్కన చేరింది. ముప్పై అయిదేళ్ల మనిషైనా నాకింకా కోడలు పిల్లే. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేములకు అమర్చే పని తనది. తెల్లారగానే గంటసేపు పాడుకుని దుకాణానికి వెళ్లిపోతుంది. బయట ఎక్కడా పాడింది లేదు.

"అత్తా, పెళ్లి కచేరీలకి నా పేరు కూడా ఇచ్చొచ్చాను."

"మీ నాన్న జడ్జి కదే!"

"తనవాళ్లు పాడేటప్పుడు జడ్జి కలం కింద పెట్టాలట. మిగతా ఇద్దరూ వేస్తారట. భవనం గుమాస్తాని అడిగి మరీ వచ్చాను." దిండు గలీబు తీసుకుని అక్కర్లేనన్ని మడతలు పెట్టింది. "నాకా ఉద్యోగం మీద ఆశేం లేదత్తా. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, పాఠానికొచ్చిన ప్రతి పిల్లకీ నాన్న చెయ్యి ఊగుతుంది. ఆ పక్కింటి మొద్దబ్బాయి, శ్రుతి ఒక దారి వాడొక దారి, వాడిక్కూడా ఊగింది. నేను నోరు తెరిచేసరికి కర్రలా బిగుసుకుపోతుంది. పాట అయ్యాక మంచీ లేదు చెడ్డా లేదు. ఒక్కసారి, అంతమంది ముందు, నాన్న చెయ్యి కదిలేలా పాడాలి. ఆ తర్వాత మళ్లీ పాడకపోయినా ఫర్లేదు నాకు."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిచ్చిదానా, ఇంట్లో ఆయన విన్నది నీ పాటొక్కటే, మిగతా పిల్లల పాఠాలన్నీ కునుకులోనే కానిచ్చాడు అని చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. అన్నయ్య పరువేం కావాలి అనుకున్నాను, పైగా నలుగురికీ మార్కులు వెయ్యబోయే ముందు. "బాగా పాడతావులే" అని దాని చేతిలో గలీబు లాక్కుని మళ్లీ మడతపెట్టాను.

భవనంలో హాలు పేరుకే చల్లటి హాలు. పైన పన్నెండు ఫ్యాన్లు తిరుగుతున్నా తంబుర మెడ చేతిలో చెమటకు జారిపోయేది. పెళ్లికొచ్చిన అతిథులు ఒక కచేరీలో సగం విని భోజనానికి లేచేవాళ్లు, ఇంకో కచేరీ సగంలో పళ్లు కుట్టుకుంటూ వచ్చి కూర్చునేవాళ్లు. కదలకుండా కూర్చున్నది మేమే. మధ్యాహ్నం కచేరీ మొదలయ్యేసరికి నా మోకాళ్లు నావి కాకుండా పోయేవి. ఎదురుగా అన్నయ్య చెయ్యి మాత్రం లేస్తూ పడుతూ తన పని తను చేసుకునేది.

ఒక్కో కచేరీ అవగానే జడ్జీలకు తలా ఒక గది. చీటీ మీద మార్కులతో పాటు ఒక మాట కూడా రాసివ్వాలి, మర్నాడు పొద్దున గుమాస్తా దాన్ని మైకులో అందరి ముందూ చదువుతాడు. నేను మంచినీళ్లు తీసుకుని అన్నయ్య గదిలోకి వెళ్లేదాన్ని.

"ఊఁ, ఏమంటావే?" అనేవాడు కలం మూత తీస్తూ.

"వేణువాయన ఊపిరి అయిపోయిన చోటల్లా ఆగుతున్నాడన్నయ్యా. మాట అయిపోయిన చోట ఆగాలి గానీ."

"అదే, నేనూ అదే అనుకున్నాను" అని రాసేసేవాడు. అబద్ధమాడుతున్నానని ఆయనకు అనిపించేది కాదు. తను కాసేపు కళ్లు మూసుకున్నాడంతే, పాట ఎక్కడికి పోతుంది అన్నట్టుండేవాడు.

మర్నాడు ఆ మాట మైకులో వినపడగానే హాలంతా తలలూపేది. ప్రిన్సిపాలమ్మ రాసినవి నిఘంటువు దగ్గర పెట్టుకుంటే గానీ అర్థమయ్యేవి కావు. కార్యదర్శి అందరికీ "దివ్యంగా ఉంది" అని రాసేవాడు. అన్నయ్య చీటీ కోసం మాత్రం జనం ముందే వచ్చి కూర్చునేవాళ్లు. రాజుగారి పెద్దక్కగారు ఒకరోజు మెట్ల దగ్గర ఆయన్ని ఆపి, "ఈ వయసులో ఏం చెవులండీ మీవి!" అంది. వెనక తంబుర సంచీ మోసుకుంటూ నేను నిలబడి ఉన్నాను. ఆ పొద్దంతా ఒళ్లు నొప్పులు తెలియలేదు.

రెండో వారానికి ఒక వార్త పుట్టింది. పెద్దాయన చెయ్యి ఊగితే మార్కులు పడ్డట్టేనని. ఎవరు కనిపెట్టారో గానీ పాడేవాళ్లందరూ వేదికెక్కగానే ముందు ఆ చేతి వంక చూడటం మొదలుపెట్టారు. ఊగడం మొదలైతే చాలు, ఆ పట్టు వదలకుండా అక్కడక్కడే తిప్పేవాళ్లు. అందరికంటే పొడుగు ఫిడేలాయన ఘనుడు. అన్నయ్య చెయ్యి ఊగిన వరస ఒకటి దొరికేసరికి దాన్నే గంటంపావు వాయించాడు, కాస్త కూడా ఎత్తూ పల్లం లేకుండా, ఉయ్యాల ఊపినంత మెత్తగా. అన్నయ్య గాఢనిద్రలో ఉన్నాడు. ఫిడేలాయన ముఖం వెలిగిపోయింది, హాలంతా చప్పట్లు. అరవై మంది విద్వాంసులు పోటీలు పడి మా అన్నయ్యను నిద్రపుచ్చుతున్నారని నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే నీరసమూ వచ్చింది.

ఆ వార్త మా ఇంటికీ చేరింది. కోడలు పిల్ల కచేరీకి ముందు రోజు పొద్దున నేను నిద్ర లేచేసరికి ముందుగదిలోంచి ఏదో పాట వినిపిస్తోంది. దాని గొంతే గానీ దాని పాట కాదు. ప్రాణం తీసి పక్కన పెట్టినట్టు, జోలపాటలా సాగదీస్తోంది.

"ఏమిటే అది?"

"ఫిడేలాయన పద్ధతత్తా. నాన్నకి అలా అయితే నచ్చుతుందట."

"నీ పాట నువ్వు పాడవే."

"నా పాటకి ఎప్పుడు కదిలిందని?" అంది. కళ్ల కింద నలుపు దిగి ఉంది. వారం రోజులుగా నిద్ర మానేసి, తండ్రిని నిద్రపుచ్చే పాట నేర్చుకుంటోంది. అప్పుడైనా చెప్పొచ్చు. పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్లిపోయాను. నిజంగా పొంగుతున్నాయి కూడా, కాకపోతే వదిన అక్కడే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం కచేరీ దానిది. అన్నయ్య నియమం ప్రకారం కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నేను శ్రుతి అందుకున్నాను. నాకు దాని వీపు, జడ, ముడుచుకున్న భుజాలు మాత్రమే కనిపిస్తున్నాయి. మొదట ఆ జోలపాట ధోరణే ఎత్తుకుంది. అన్నయ్య వేళ్లు మెల్లగా రెండుసార్లు లేచాయి. దాని భుజాలు వదులయ్యాయి. ఆ సంతోషంలో ఒళ్లు మరిచిపోయినట్టుంది, సాగదీయడం మానేసి తన పాటలోకి వచ్చేసింది. ఇంట్లో తెల్లవారుజామున గోడలకు వినిపించే పాట అది. గొంతు పైకి వెళ్తున్నప్పుడు నా చేతి మీద రోమాలు లేచాయి. సంచీలు సర్దుకుంటున్న అతిథులు సర్దుకోవడం మానేశారు.

అన్నయ్య చెయ్యి ఆగిపోయింది. వేళ్లు తొడ మీద పరుచుకున్నాయి, కళ్లు మూసుకున్నాయి.

అది చూసిందని నాకు వెనకనుంచే తెలిసింది. గొంతు ఒకసారి తొట్రుపడింది, నిలదొక్కుకుంది, ఇంకో రెండు వరసలు పాడింది. తర్వాత మధ్యలో ఆపేసింది. ఆపి, మెడ తిప్పి నా వైపు చూసింది. నాకూ దానికీ మధ్య రెండడుగులే. "పాడు" అని పెదవి కదిపినా చాలు. నేను తల వంచి తీగల వైపు చూస్తూ శ్రుతి వేస్తూనే ఉన్నాను. అది సభకు నమస్కారం పెట్టి దిగి వెళ్లిపోయింది. గుమాస్తా తన పుస్తకంలో "అసంపూర్తి" అని రాసుకున్నాడు. సగంలో దిగిపోయినవాళ్లకు మార్కులు లేవని నియమం.

గదిలోకి మంచినీళ్లు తీసుకెళ్తే అన్నయ్య కుర్చీలో ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఎందుకాపేసిందే?"

"ఒంట్లో బాగోలేదేమో."

"ఇన్నాళ్లకి ఒక పాట విన్నాను. అదీ సగమే" అన్నాడు. నీళ్లు ముట్టుకోలేదు.

ఇంటికొచ్చాక దాని గది తలుపు దగ్గరికి వెళ్లాడు. నిలబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు, వెనక్కి వచ్చేశాడు. ఏమైందని అడిగాను. "ఏం చెప్పను? చెప్పడానికి ఒక్క తప్పూ లేదుగా" అన్నాడు చేతులు నలుపుకుంటూ. ఆయన్ని చూస్తే జాలేసింది, కోపమూ వచ్చింది. నా మీద నాకు వచ్చిన కోపం అంతకంటే ఎక్కువే, కానీ దాన్ని ఎవరి ముందూ పెట్టలేక మళ్లీ వంటింట్లో దూరాను. కోడలు పిల్ల మర్నాటినుంచి పొద్దున్నే పాడటం మానేసింది. వదినే వచ్చి, "ముందుగది ఖాళీగా ఉంటే ఊడ్చబుద్ధి కావట్లేదు" అంది.

అన్నయ్య చెయ్యి చూసే మిగతా ఇద్దరూ మార్కులు పోసినట్టున్నారు, అనుకున్నట్టే పొడుగు ఫిడేలాయన గెలిచాడు. పెళ్లి రోజు ఆయన భార్యే శ్రుతి వేస్తానంది, నాకు సెలవు దొరికింది. హాలు పువ్వులతో, సెంటు వాసనతో ఊపిరాడకుండా ఉంది. అన్నయ్యా వదినా మొదటి వరుసలో కూర్చున్నారు. వదిన పోరు పడలేక వచ్చిన కోడలు పిల్లా నేనూ వెనక స్తంభం పక్కన కూర్చున్నాం. యువరాణి వచ్చింది, పెళ్లికొడుకు వచ్చాడు, అందరూ లేచి నిలబడ్డారు, కూర్చున్నారు. ఫిడేలాయన తన గెలుపు వరస అందుకున్నాడు. జనం భుజాల సందులోంచి అన్నయ్య చెయ్యి కనిపిస్తోంది.

"చూడత్తా, ఎంత బాగా ఊగుతోందో" అంది. గొంతులో ఈర్ష్య లేదు, ఏడుపు లేదు. ఇంక ఆ సంగతి వదిలేసిన మనిషిలా అంది. అది నేను తట్టుకోలేకపోయాను.

"నిద్రపోతున్నాడే."

"ఎవరు?"

"మీ నాన్న. ఆ చెయ్యి ఊగితే నిద్రపోతున్నట్టు. ఆగితే వింటున్నట్టు. వెళ్లి చూసుకో."

నేనేదో ఊరడించడానికి అన్నాననుకుని నా ముఖంలోకి చూసింది. అక్కడేం కనిపించిందో, లేచింది. వరుసల పక్కనుంచి ముందుకెళ్లి తల్లిని లేపి ఆ కుర్చీలో కూర్చుంది. తండ్రి వైపు వంగింది. కాసేపు అలాగే వంగి చూసింది. తర్వాత ఊగుతున్న ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టి ఆపింది. అన్నయ్య ఉలిక్కిపడ్డాడు, పక్కకు తిరక్కుండానే ఏదో అన్నాడు. ఏమన్నాడో తర్వాత వదిన చెప్పింది. "అయిపోయిందా? ఏమంటావే, ఏం రాద్దాం?" అన్నాడట, పక్కనున్నది నేనే అనుకుని.

కోడలు పిల్ల వెనక్కి వచ్చింది. కూర్చోలేదు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"నువ్వు పుట్టకముందు నుంచి."

"ఆ రోజు పాట ఆపి నీ వైపు చూశాను."

"చూశావు."

"మరి?"

"మీ నాన్న పరువు పోతుందని..."

"అబద్ధం వద్దత్తా."

ఫిడేలు అక్కడక్కడే తిరుగుతోంది. ఇరవయ్యొక్క రోజుల అలసట ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. ఇంక దాచే ఓపిక లేకపోయింది నాకు.

"ఆయన నిద్రపోతున్నాడని తెలిస్తే ఇంకొకరిని పెడతారు. ఆయన మేలుకుంటే ఇంక నన్నెవరే అడిగేది, పాట ఎలా ఉందని?"

అది స్తంభానికి ఆనుకుని నిలబడింది. అరిచినా బాగుండేది.

"నేను అడిగేదాన్ని కదత్తా" అంది. "రోజూ అడిగేదాన్ని."

తండ్రిని మాత్రం ఆ సాయంత్రమే క్షమించేసింది. ఇంటికొచ్చే దారిలో, "నిద్రపోయి ఇంత పేరు తెచ్చుకున్నవాడివి నువ్వొక్కడివే నాన్నా" అని ఆటపట్టించింది. అన్నయ్య సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాడు. "ముందే చెప్పి ఉంటే దుప్పటీ దిండూ పంపేదాన్ని కదా" అంది వదిన. నేనూ నవ్వబోయాను గానీ నవ్వు నోటిదాకా రాలేదు. ఆ తర్వాత మార్కులు వెయ్యమని ఎక్కడినుంచి ఉత్తరం వచ్చినా అన్నయ్య తిప్పి పంపేశాడు.

వారానికి ఎండలు తగ్గుముఖం పట్టాయి. కోడలు పిల్ల దుకాణం నుంచి వస్తూ వస్తూ కరెంటుతో పనిచేసే శ్రుతి పెట్టె ఒకటి కొనుక్కొచ్చింది. మర్నాడు తెల్లారగానే ముందుగదిలో చాప పరిచింది. అన్నయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మీట నొక్కగానే పెట్టె మోగింది. దాని శ్రుతిలో ఎక్కడా చిన్న తేడా లేదు.

"అదెందుకే, అత్తని రమ్మను" అని అన్నయ్య వంటింటి వైపు కేకేశాడు. నేను చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వెళ్లాను.

"వద్దు నాన్నా, పాపం అత్త అలిసిపోయింది, కాసేపు పడుకోనీ" అంది కోడలు పిల్ల. చాలా మర్యాదగా అంది. అంతకుముందెప్పుడూ నాతో అంత మర్యాదగా లేదు.

నిజమే, అలిసిపోయాను. నా గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి పడుకున్నాను. పాట మొదలైంది. చివరిదాకా ఒక్క స్వరం వదలకుండా అంతా విన్నాను.